పొట్టి కర్ర పట్టు

ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు, దాని కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురు మా ముందు గదిలో చాప పరుచుకుని ఆట ఆడతారు. మా ఇల్లు తిరుచానూరు వెళ్ళే రోడ్డు మీద ఉంది. బయట యాత్రికుల ఆటోల మోత ఎంత ఉన్నా వీళ్ళ కేకల ముందు వినపడదు. ఆ ఆటకు పటం లేదు, గవ్వలు లేవు. ఒక్కొక్కరూ ఒక మనిషిని ఊహించుకుంటారు. ఆ మనిషి బలమెంత, తెలివెంత, చేతిలో ఏముంది అన్నది కాగితం మీద రాసుకుంటారు. ఒకమ్మాయి కథ చెబుతుంది. మీరు కనుమ దాటుతున్నారు, ఎదురుగా నలుగురు దొంగలు, ఏం చేస్తారు అంటుంది. మిగిలిన ముగ్గురూ ఏం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు!

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఆ రోజు కాఫీ గ్లాసులు కింద పెడుతూ మనవరాలి కాగితం చదివాను. "కుడి చెయ్యి: పొడుగు కత్తి. ఎడమ చెయ్యి: పొడుగు కత్తి. ఒక్క వంతులో రెండు దెబ్బలు."

"ఇదెవురు మే రాసింది?" అన్నాను.

"నేనే అవ్వా. నా మనిషి రెండు కత్తులతో కొట్లాడతాది."

"ఒకే సారి రెండు దెబ్బలు ఎట్లా పడతాయి?"

"రెండు చేతులుండాయి గదా!"

"రెండు కాళ్ళుండాయని రెండు పక్కలకీ నడుస్తావా?"

కథ చెప్పే అమ్మాయి చాప మీద దొర్లి నవ్వింది. "అవ్వ నా పక్క! ఇది అన్యాయమని నేను మొదట్నించీ అంటానే ఉండా. రెండు కత్తులు పెట్టుకున్న దానికి రెండు దెబ్బలంట, డాలు పట్టుకున్న నా దొంగలకు ఒకటంట."

మనవరాలికి రోషం వచ్చింది. "నీకేం తెలుసవ్వా?" అంది.

నేను లోపలికి వెళ్ళి బూజుకర్ర, ఇల్లు తుడిచే కర్ర తెచ్చి దాని రెండు చేతుల్లో పెట్టాను. నేను కొబ్బరి చీపురు కట్టిన కర్ర ఒకటి, అప్పడాల కర్ర ఒకటి తీసుకున్నాను. కొట్టమన్నాను. అది రెండూ ఒకేసారి పైకెత్తింది. కర్రలు రెండూ ఒకదానికొకటి తగులుకున్నాయి, గోడ మీది క్యాలెండరు కింద పడింది. రెండోసారి కుడి చేత్తో కొట్టింది. ఆ దెబ్బను అప్పడాల కర్రతో పక్కకు నెట్టి, అదే ఊపిరిలో చీపురు కర్ర దాని మెడ మీద ఆనించాను. మూడోసారీ అంతే జరిగింది.

"రెండోది కొట్టేదానికి కాదు పాపా," అన్నాను. "కాసుకునేదానికి. మనిషికుండేది ఒకటే నడుము. అది ఒక పక్కకే తిరుగుతాది. నడుము రాకుండా చెయ్యి ఒకటే పోతే ఆ దెబ్బకి ఈగ కూడా చావదు."

నలుగురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. తరవాత మనవరాలు రబ్బరుతో చెరిపి కొత్తగా రాసుకుంది. ఎడమ చేతిలో పొట్టి కత్తి, దెబ్బ ఒకటే, కానీ దాన్ని కొట్టాలనుకున్న వాళ్ళకు పాచికలో మరో రెండు ఎక్కువ పడాలి. కథ చెప్పే అమ్మాయి సరేనంది.

"నీకెవురు నేర్పించినారవ్వా?"

"మా నాయన."

"ఆయప్ప వస్తాదా?"

"వస్తాదే. కర్రసాము నేర్పించే వస్తాదు."

వాళ్ళకు అంతవరకే చెప్పాను. మా నాయన ఎడమ చేతికి ఆ పొట్టి కర్ర ఎందుకు వచ్చిందో చెప్పలేదు. అది చెప్పకూడదని చాలాకాలం మా ఇంట్లో కట్టుబాటు. ఆ కట్టుబాటును చివరికి నాయనే తెంచాడు కాబట్టి రాస్తున్నాను.

మాది వడమాలపేటకు, పుత్తూరుకు నడుమ ఒక పల్లె. మా నాయన నాలుగు ఎకరాల రైతు. చెనిక్కాయ, కొంచెం చెరుకు. కానీ ఊళ్ళో ఎవరూ ఆయన్ను రైతుగా చూడలేదు, వస్తాదు అనే పిలిచేవాళ్ళు. మా ఇంటి వెనక తాటాకుల కొట్టం ఉండేది, అదే గరిడీ. జల్లించిన ఎర్రమట్టి పోసి, రోజూ నీళ్ళు చల్లేవాళ్ళు. సాయంత్రం పొలాల పనులు అయ్యాక ఊరి మగపిల్లలు అక్కడ కర్రసాము నేర్చుకునేవాళ్ళు. ఆడపిల్లలకు లోపలికి ప్రవేశం లేదు. నేను తాటాకుల సందులోంచి చూసేదాన్ని. తడిసిన మట్టి వాసన, కర్రలకు రాసిన ఆముదం వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ కొత్త వాన పడితే నాకు ముందు ఆముదమే గుర్తొస్తుంది. అమ్మ పెద్ద కుండతో అంబలి చేసి గరిడీ గుమ్మం దగ్గర పెట్టేది. పిల్లలు ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవాళ్ళు.

నాయనకు పేరు తెచ్చింది జోడు కర్ర. రెండు చేతుల్లో రెండు నిలువెత్తు వెదురు కర్రలు. రెండూ రెండు బండిచక్రాల్లా తిరిగేవి, మధ్యలో నాయన ముఖం కనపడేది కాదు. ఊరి గంగమ్మ జాతరలో అమ్మవారి ముందు ఆ జోడు కర్ర తిప్పుకుంటూ నడిచే హక్కు మా నాయనది, అంతకుముందు మా తాతది. తిప్పలేనినాడు ఆ చోటు పక్క ఊరి వస్తాదుకు పోతుంది. చోటు పోతే పిల్లలు కూడా ఆ గరిడీకే పోతారు. అది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి.

నాకు పదమూడేళ్ళప్పుడు, మాఘమాసంలో, నాయన చింతచెట్టు ఎక్కి కాయ దులుపుతూ కొమ్మతో సహా కింద పడ్డాడు. ఆ సమయానికి చెట్టు కింద ఏరుతున్నది అమ్మ, నేను మాత్రమే. ఎడమ రెక్క భుజం దగ్గర విరిగింది.

మా వైపు ఎముక విరిగితే ఎవరైనా పుత్తూరుకే పోతారు, కట్టు కట్టించుకుంటారు. వెదురు బద్దలు, గుడ్డ, గుడ్డుసొన, ఆకుపసరు. ఆ కట్టుతో ఒక మనిషి బస్సు దిగితే రెండు పొలాల అవతల నుంచే ఫలానా వాడి చెయ్యి విరిగిందని తెలిసిపోతుంది. నాయన దానికే భయపడ్డాడు. పాకాలలో ఎద్దులు చూడబోతున్నానని ఊళ్ళో చెప్పి, పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకున్నాడు. నలభై రోజులు విప్పకూడదని వాళ్ళు చెప్పారు. నాయన పుత్తూరులోనే మా మేనత్త ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాడు. పదో రోజు కట్టు విప్పుకుని, చేతిని పంచెలోకి దోపుకుని, నవ్వుకుంటూ ఊళ్ళోకి నడిచి వచ్చాడు.

"ఎద్దులు యాడ వస్తాదా?" అని అడిగారు.

"బాగలేవబ్బా. అన్నీ ముసలివి," అన్నాడు.

ఎముక అతుక్కుంది, కానీ వంకరగా అతుక్కుంది. చెయ్యి రొమ్ము దాకా లేచేది. అక్కడ ఆగిపోయేది. రాత్రిపూట అమ్మ వేడినీళ్ళ కాపడం పెడుతూ ఏడిచేది. నాయన పళ్ళు బిగించి పైకి లేపబోయేవాడు. అది అంతకుమించి లేవలేదు.

జాతరకు రెండున్నర నెలలు. పిల్లలకు నాయన ఏదో మొక్కు ఉందని, జాతర దాకా తాను కర్ర పట్టనని, మాటతోనే నేర్పిస్తానని చెప్పాడు. ఇక తను సాధన చెయ్యాలంటే ఎదురుగా ఒక మనిషి కావాలి. బయట నోరు జారని మనిషి. అప్పుడు నన్ను పిలిచాడు.

ఎండ మండే మిట్టమధ్యాహ్నం ఊరంతా నిద్రపోయేటప్పుడు మా చెరుకు తోటలో మధ్యన కాస్త చోటు చదును చేసుకుని నేను, నాయన నిలబడేవాళ్ళం. గట్టు మీద అమ్మ గడ్డి కోస్తున్నట్టు కాపలా కూర్చునేది.

"కొట్టు పాపా. నాయననుకోవాకు. దొంగనుకోని కొట్టు."

మొదటి వారం నేను కొట్టిన దెబ్బలన్నీ ఆయన ఎడమ భుజం మీద పడ్డాయి. నేను ఏడిస్తే తిట్టేవాడు. తరవాత ఒకరోజు ఎడమ చేతిలోని పొడుగు కర్రను కొడవలితో నరికి మూరన్నర చేశాడు. దాన్ని రొమ్ముకు దగ్గరగా పట్టుకున్నాడు. దాంతో కొట్టడం మానేశాడు. నేను కొట్టింది ఆ పొట్టి కర్ర మీదకి తీసుకుని, పక్కకు నెట్టి, అదే క్షణంలో కుడి కర్ర వేసేవాడు. రెండు పొడుగు కర్రలు తిప్పినప్పటి అందం అందులో లేదు. కానీ తగిలేది.

ఇంకొకటి ఉంది. ఎదురుగా నిలబడ్డదాన్ని కాబట్టి నాకే కనిపించింది. నాయన అడుగు మారింది. అంతకుముందు ఏ కాలైనా ముందుకు పడేది. ఇప్పుడు కుడి కాలు ఎప్పుడూ ముందుండేది, ఎడమ పక్క మొత్తం వెనక్కి పోయేది. నెత్తికి ఎడమ వైపు నుంచి కొట్టాలంటే నా కర్ర అందేది కాదు. లేవని చేతిని కాలు కాపాడుతోంది.

జాతర రోజు సాయంత్రం అమ్మవారు గుడి బయటికి వచ్చింది. పలక డప్పులు మోగాయి. నాయన పొట్టి కర్రతో ముందుకు రాగానే జనంలో ఒకడు అరిచాడు.

"ఏం వస్తాదా, ఈసారి ఒక కర్ర ఎలకలు కొరికినాయా?"

అందరూ నవ్వారు. ఆ చోటు తనకు రావాలని పక్క ఊరి వస్తాదు రెండు పొడుగు కర్రలతో ఎదురు వచ్చాడు. మా దగ్గర కర్ర చివర గుడ్డ చుట్టి పసుపునీళ్ళలో ముంచి ఆడతారు. ఎవరి బట్టల మీద పసుపు పడితే వాళ్ళకు దెబ్బ తగిలినట్టు. ఆయన కర్రలు గాలిలో బుస కొడుతూ తిరిగాయి. నాయన చిన్నగా అడుగు వేసుకుంటూ తిరిగాడు. ఆట ముగిసేసరికి పక్క ఊరి వస్తాదు చొక్కా మీద మూడు పసుపు మరకలు, నాయన పంచె అంచున ఒకటి ఉన్నాయి. ముందు నడిచే చోటు నాయనకే మిగిలింది. నేను ఆడవాళ్ళ మధ్య నిలబడి అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ రోజు నుంచి దానికి పొట్టి కర్ర పట్టు అని పేరు వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి, నగరి వైపు నుంచి కూడా పిల్లలు వచ్చారు. గరిడీ నిండిపోయింది. అమ్మ అంబలికి రెండో కుండ పెట్టింది. నాయన మళ్ళీ గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో అంత సందడిగా గడిచిన రోజులు అంతకుముందు లేవు, ఆ తరవాతా లేవు.

వచ్చిన పిల్లలందరూ ఎడమ చేతిని రొమ్ముకు అంటించి పట్టుకునేవాళ్ళు. ఒక్కడు కూడా పైకి లేపేవాడు కాదు. నాయన అలా చెయ్యమని చెప్పలేదు. వస్తాదు అలా పట్టుకున్నాడు, వీళ్ళూ పట్టుకున్నారు. ఎవడి చెయ్యైనా పొరపాటున లేస్తే పక్కవాడే కొట్టి దించేవాడు. "వస్తాదు చెయ్యి యాడుండాది? నీది యాడుండాది?" అని. మంచి చేతులున్న ఇరవై మంది మా నాయన విరిగిన చేతిని నేర్చుకుంటున్నారు.

నేను తాటాకుల సందులోంచి వాళ్ళ కాళ్ళు చూసేదాన్ని. వాళ్ళు చేతిని నేర్చుకున్నారు, అడుగును నేర్చుకోలేదు. ఎడమ కాలు ముందుకు వేసి, ఎడమ చెయ్యి కిందకు పెట్టుకుని నిలబడేవాళ్ళు. నెత్తి ఊరికే అప్పజెప్పినట్టు ఉండేది.

"నాయనా, కుడి కాలు ముందరెయ్యమని చెప్పగూడదా?" అని అడిగాను.

"చెప్తే ఎందుకు వస్తాదా అని అడుగుతారు," అన్నాడు. "ఎందుకో చెప్తే చెయ్యి సంగతి చెప్పల్ల. నోరు మూసుకోని ఉండు."

అలా ఒక ఏడాది దాటింది. రెండో జాతరలో కూడా నాయనే ముందు నడిచాడు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం గరిడీలో సాధన జరుగుతోంది. శిష్యుల్లో అందరికన్నా పెద్దవాడు మా ఊరి వడ్రంగి. పెళ్ళయి ఇద్దరు బిడ్డలున్న మనిషి, నాయనంటే ప్రాణం. అతను, నగరి నుంచి వచ్చిన ఒకతను ఎదురెదురు ఆడుతున్నారు. నగరి అతని కర్ర పైనుంచి దిగింది. వడ్రంగి చెయ్యి రొమ్ము దగ్గరే ఉంది. కర్ర ఎడమ చెవి పైన తగిలింది. టెంకాయ పగిలిన చప్పుడు విన్నాను. అతను మట్టిలో కూర్చుండిపోయాడు. మెడ మీదుగా రక్తం కారింది. నాయన పరుగెత్తి తలకు తుండు చుట్టి పట్టుకున్నాడు.

వడ్రంగి కళ్ళు తెరిచి నాయన ముఖంలోకి చూసి నవ్వాడు.

"నేను చెయ్యి లేపలేదు వస్తాదా," అన్నాడు. "దెబ్బ వస్తావుండేది కనపడినా లేపలేదు."

ఆ మాటకు నాయన ముఖం ఎలా అయిందో నేను చూశాను.

బండి కట్టి అతన్ని పుత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుట్లు పడ్డాయి. ప్రాణానికి భయం లేదని రాత్రికే ఇంటికి పంపేశారు. మర్నాడు పొద్దున నాయన సద్దన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది.

"నీ రెక్క మీద నీకుండే మానం వాళ్ళ తలకాయల మీద లేదే."

"చెప్తే ఏమైతాదో తెలుసా నీకు? జాతరలో ముందర నడిచేది పోతాది. గరిడీ పోతాది. మా నాయన కాలం నించీ ఉండేది."

"పోనీ. నిన్న ఆ బిడ్డ సచ్చింటే దాని కంటే పెద్దది పొయ్యుండేది. వాడి పెండ్లాం ఈ గుమ్మం కాడికి వచ్చి అడిగితే ఏం చెప్తావు? ఎద్దులు బాగలేవని చెప్తావా?"

నాయన పళ్ళెం పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయాడు. ఆ పగలంతా చెరుకు తోటలో ఉన్నాడు. నేను నీళ్ళు తీసుకెళితే తాగాడు.

సాయంత్రం గరిడీలోకి అందరూ వచ్చారు. వడ్రంగి కూడా తలకు కట్టుతో వచ్చి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. నాయన బనీను విప్పేశాడు. ఎర్రమట్టి మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకి లేపాడు. కుడి చెయ్యి తాటాకు తగిలేదాకా పోయింది. ఎడమ చెయ్యి రొమ్ము దగ్గర ఆగిపోయింది. అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"సూడండి," అన్నాడు. "ఇది పట్టు గాదు. ఇరిగిన చెయ్యి. చింతచెట్టు మీద నించి పడినా. సిగ్గుపడి కట్టు ఇప్పుకొచ్చినా. ఇది లేవదు. మీవి లేస్తాయి. లేపండి."

నగరి అతను ముందుకు వచ్చాడు. ఆ చేతిని పైనుంచి కిందికి చూశాడు.

"అంటే ఏడాదికి పైన మేము మంచి సేతులు పెట్టుకోని అవిటిసాము నేర్చుకుంటిమా వస్తాదా?"

"ఔనబ్బా," అన్నాడు నాయన.

అతను కర్ర గుంజకు ఆనించి వెళ్ళిపోయాడు. అతని వెనక పదిమందికి పైగా వెళ్ళారు. ఒకతను పోతూ పోతూ ఉమ్మేశాడు. నాయన చేతులు దించలేదు. వడ్రంగి లేచి వచ్చి, ఆ ఎడమ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కిందికి దించాడు.

"నొప్పెడతాది, దించు వస్తాదా," అన్నాడు. "పొట్టి కర్రతో కాసుకునేది అబద్ధమా?"

"అది అబద్ధం గాదు. అది నిజమే. నా చెయ్యి పోతేనే నాకది తెలిసింది. కానీ పొట్టి కర్ర పైకీ పోవల్ల, కిందికీ పోవల్ల. నేను పైకి పోయేది చూపీలేను."

"మరి ఎవురు చూపిస్తారు?"

నాయన తాటాకుల వైపు తిరిగాడు. నేను ఏ సందు దగ్గర ఉంటానో ఆయనకు ఎప్పటినుంచో తెలుసని ఆ క్షణంలో తెలిసింది.

"రా పాపా లోపలికి," అన్నాడు.

నేను సందు దగ్గరే ఆగాను. ఆడపిల్ల గరిడీలో అడుగు పెట్టకూడదు. వెనక్కి చూస్తే అమ్మ గుమ్మం దగ్గర అంబలి కుండ పక్కన నిలబడి ఉంది. పో అన్నట్టు గడ్డం ఊపింది. నేను చెప్పులు లేని కాళ్ళే మళ్ళీ తుడుచుకుని లోపలికి నడిచాను. మట్టి చల్లగా ఉంది. మిగిలిన ఏడెనిమిది మంది జరిగి చోటిచ్చారు. ఒకతను "ఆడపిల్ల..." అనబోతే వడ్రంగి, "నా తలకాయ పగిలింది రా, నీది గాదు, మూసుకో," అన్నాడు.

నాయన నాకు కుడి పక్కన వచ్చి నిలబడ్డాడు. పొట్టి కర్ర నా చేతిలో పెట్టాడు. పొడుగు కర్ర తను తీసుకున్నాడు. వడ్రంగిని పైనుంచి కొట్టమన్నాడు. అతను మెల్లగా కొట్టాడు. "గట్టిగా," అన్నాడు నాయన. ఈసారి కర్ర బుస కొడుతూ వచ్చింది. నేను ఎడమ చెయ్యి పైకి లేపి దాన్ని నెత్తికి జానెడు పైన ఆపి పక్కకు తోశాను. నాయన కుడి కర్ర అప్పటికే అతని పక్కటెముకల మీద ఉంది.

"ఇట్లా," అన్నాడు నాయన.

ఆ తరవాతి జాతరలో పక్క ఊరి వస్తాదు ముందు నడిచాడు. నాయన జనంలో నిలబడి చూశాడు. ఆయనకు బాధ లేదని రాస్తే అబద్ధం. ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగ్గా తినలేదు. కానీ గరిడీ మూత పడలేదు. నాకు పెళ్ళి అయ్యేదాకా, నాలుగేళ్ళ పాటు, ఏడెనిమిది మందే అయినా ప్రతి సాయంత్రం వచ్చేవాళ్ళు. కుడి చేతి పాఠం నాయన చెప్పేవాడు, ఎడమ చేతి పాఠం నేను చూపించేదాన్ని. వాళ్ళు నాయనను వస్తాదా అని పిలిచేవాళ్ళు. నన్ను ఏమని పిలవాలో వాళ్ళకు మొదట్లో తెలియలేదు. ఏమ్మా అని, పాపా అని తడబడేవాళ్ళు. ఒక సాయంత్రం వడ్రంగి, చెయ్యి ఎంత ఎత్తాలో సందేహం వచ్చి, నాయన వైపు కాకుండా నా వైపు తిరిగి, "ఇంత సాలునా చిన్న వస్తాదా?" అని అడిగాడు. నాయన విననట్టు కర్రకు ఆముదం రాస్తూ కూర్చున్నాడు.

"ఇంకొంచెం లేపు," అన్నాను.